లోపలికి వేసిన కేక

కడియం కొరికి పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. ప్లాస్టిక్‌ది, చంటిపిల్లలకి పళ్లొచ్చేటప్పుడు ఇస్తారే, అలాంటిది. దాని మధ్యలో బొక్క, ఆ బొక్కలోంచి నల్లటి గొట్టం నా నోట్లోకి వస్తోంది. గొంతులో చల్లిన మందు మొదట చేదుగా ఉంది, ఇప్పుడు చేదు కూడా తెలియడం లేదు, నాలుక నాది కాదు, కొండనాలుక నాది కాదు, ఎవరో ఉన్నిముద్ద తడిపి మెడలో కుక్కినట్టుంది. "మత్తు ఎక్కిస్తున్నాం అక్కా, సగం నిద్రలో ఉంటారు, తర్వాత ఏదీ గుర్తుండదు" అంది డాక్టర్ జిపారా. గుర్తుండకపోవడమా, నాకా? నేను ఉమ్సునాయ్‌ని. మా కోచ్కోర్ లోయలో ఎవరు పోయినా ఆ గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాళ్ల ఏడు తరాల పేర్లు వరస తప్పకుండా అందుకుని శోకం పాట కట్టేదాన్ని, ఒక్క తాత పేరు జారిపోతే ఆ ఇంటివాళ్లు ఏడాదిపాటు పలకరించరు, అలాంటి నన్ను పట్టుకుని మర్చిపోతావంటుంది. ఈ బిష్కెక్ ఆసుపత్రి పైకప్పు మీద పెచ్చు ఊడినచోట గుర్రం తలకాయలా కనిపిస్తోంది, అదీ గుర్తుంటుంది. బయట బల్ల మీద మా అత్త కూర్చుని ఉంది, ఆవిడ సంచిలో పులిసిన గుర్రప్పాల కుమిస్ సీసా ఉంది, సీసాతోపాటు నా గిన్నె ఉంది, ఎర్ర చుక్క పెట్టిన గిన్నె. అదే మర్చిపోవాలనుంది, అదొక్కటే మరుపు రావడం లేదు.

గొట్టం కిందికి దిగుతోంది, ఇప్పుడు పాట పుట్టేచోట ఉంది, నాకు తెలుసు, నొప్పి లేదు కానీ తెలుసు, నా ఇంట్లోకి ఎవరో చెప్పులతో వచ్చినట్టుంది. జాగ్రత్తమ్మా, జాగ్రత్త, అక్కడే నా బతుకంతా ఉంది. ఇంతకుముందు వేరే చోట ఇంకో డాక్టర్ మెడ దగ్గర కోసి చూద్దామన్నాడు, రొమ్ము ఎముక వెనక్కి వెళ్లాలంటే అదే దారి అన్నాడు, ఆ మాట వినగానే లేచి వచ్చేశాను. శోకం పాట పాడేదాన్ని మెడ కోస్తానంటాడా? ఈ జిపారా మాత్రం కొయ్యక్కర్లేదంది. ఊపిరి గొట్టంలోకి సన్నటి గొట్టం పంపిస్తాం, దాని మూతి దగ్గర మనిషి చెవికి అందని శబ్దం పుడుతుంది, ఆ శబ్దం గోడ దాటి వెళ్లి అవతల ఉన్నదానికి తగిలి తిరిగొస్తుంది, తిరిగొచ్చిందాన్ని టీవీ మీద బొమ్మగా చూస్తాం అంది. "అయితే ఇది మా ఆయన పనే" అన్నాను. నిజంగానే. మా ఆయన తెమిర్కుల్ మంచుమబ్బు కమ్మినప్పుడు కనుమ మీద గుర్రాన్ని ఆపి, ఓయ్ అని కేక వేసి చెవి పెడతాడు. కేక ఠక్కున తిరిగొస్తే కొండ పక్కనే ఉన్నట్టు, నింపాదిగా వస్తే లోయ, అసలు రాకపోతే గుర్రం దిగి నడవాలి. పెళ్లైన కొత్తలో ఆయన వెనక కూర్చుని ఆ కేక విని, ఇతనికేమైనా పిచ్చా అనుకున్నాను. ఈవేళ నా లోపల అలాంటి కేక వేస్తున్నారు, నాకే వినపడని కేక, నా ఊపిరి గొట్టం పక్కన ఉబ్బి కూర్చున్న గడ్డలు ఏమిటో అది చెప్పాలి. క్షయా, క్యాన్సరా, మరొకటా. మూడింట్లో ఏదో ఒకటి ఇవ్వాళ తేలుతుంది.

దగ్గు వస్తోంది, రాకూడదు, "దగ్గకండి అక్కా, ముక్కుతో గాలి పీల్చండి" అంటోంది, చెప్పడం తేలికే. ఈ దగ్గు నిరుడు గొర్రెలకి ఉన్ని కత్తిరించే రోజుల్లో మొదలైంది, పొడిది, ఏమీ పడదు, రాత్రింబవళ్లు ఒకటే గోకుడు. మెట్లెక్కితే ఆయాసం, పాట మూడో పాదానికి ఊపిరి చాలదు. మా వైపు జిల్లా డాక్టరు ఎక్స్‌రే తీసి, ఛాతీలో గడ్డలు చూసి, మా దగ్గర దగ్గు అంటే ఇంకేముంటుంది, క్షయే అన్నాడు. బలవంతాన తీసిన కఫంలో క్రిమి దొరకలేదు, మళ్లీ చూశారు, మళ్లీ దొరకలేదు, దొరక్కపోయినా ఉండే ఉంటుందిలే అన్నారు. గుప్పెడు మాత్రలు మొదలుపెట్టారు. ఒంట్లోంచి వచ్చే నీళ్లన్నీ నారింజరంగుకి తిరిగాయి, కీళ్లు పట్టేశాయి, దగ్గు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇక మందులు చాలవని మా అత్త కాకెన్ బ్యాడ్జర్ కొవ్వు మొదలుపెట్టింది. బొరియల్లో ఉండే ఆ జంతువు కొవ్వు కరిగించి, వేడి పాలల్లో కలిపి, పొద్దున్నే పరగడుపున. ఆ వాసన గురించి చెప్పను. "మింగు, మూతి తిప్పకు, దీంతోనే మా అన్న బతికాడు" అనేది. "మీ అన్న పోయి చాలా ఏళ్లైంది కదత్తా." "అది గుర్రం మీంచి పడి పోయాడే! ఊపిరితిత్తులు చివరిదాకా ఉక్కులా ఉన్నాయి." ఏం చెప్తాం ఆవిడకి?

గిన్నె సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను. అదీ నా పొగరు. రేపో మాపో ఎవరో ఒకరు, కోడలా నీ గిన్నె వేరే పెట్టుకోమ్మా అంటారు, ఆ మాట వాళ్ల నోట వినేకంటే నేనే ముందు చేసేస్తే పోతుంది అనుకుని, మా ఆడపడుచు కూతురి గోళ్ల రంగు తెచ్చి గిన్నె అంచుకి ఎర్ర చుక్క పెట్టాను. మా అత్త చూసింది, పొయ్యివైపు తిరిగింది. జిపారా తర్వాత చెప్పింది, క్షయ గిన్నెల వల్ల రాదు అక్కా, గాలి వల్ల వస్తుంది అని. నాకు చెప్పావు సరే తల్లీ, ఊరికి ఎవరు చెప్తారు? ఆ పిల్ల పెళ్లిలోనే, ఆ గోళ్ల రంగు పిల్ల పెళ్లిలోనే, పెద్దలతోపాటు వరసలో కూర్చున్నాను, కుమిస్ గిన్నె చేతులు మారుతూ వస్తోంది, ఒకళ్లు గుటక వేసి పక్కవాళ్లకి, వాళ్లు ఇంకో గుటక వేసి పక్కవాళ్లకి. నా దాకా వచ్చింది. రెండు చేతులతో అందుకున్నాను, పుల్లటి వాసన ముక్కుకి తగిలింది, మా ఆయన గుర్రాల పాలే అవి, నేను చిలికిన కుమిస్సే. పెదవి ఆనించకుండా పక్కామెకి ఇచ్చేశాను. అప్పుడు చూశాను వాళ్ల మొహాలు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అందరూ నా వాళ్లే, కానీ నేను తాగకుండా ఇవ్వగానే వరసలో అందరి భుజాలూ కిందికి దిగాయి, అమ్మయ్య అన్నట్టు. నేను దగ్గితే జానెడు పక్కకి జరిగేవాళ్లు, అది భరించాను. ఆ అమ్మయ్యని మాత్రం భరించలేకపోయాను. ఆ రోజు పెళ్లికూతురిని సాగనంపే పాట కూడా నన్ను పాడమనలేదు, బురుల్చా పాడింది.

బురుల్చా సంగతి చెప్పాలి. మా లోయలో నా తర్వాత శోకం పాటకి పిలిచేది ఆవిడనే. మనిషి మంచిదే, గొంతే డబ్బా. పోయినవాళ్లెవరైనా ఆవిడకి అదే పాట, పేర్లు మారుస్తుంది అంతే, ఒకసారి ముసలి గొర్రెలకాపరి మీద ఏడుస్తూ, నీ పొడవాటి జడ చూడలేకపోతున్నామే అనేసింది, అంతకు ముందు వారం పోయింది ఒక పడుచుపిల్ల, ఆ పాటే ఇంకా నోట్లో ఉండిపోయింది. నేను పోతే నామీద పాడేదీ ఆవిడే కదా. ఇది క్యాన్సరైతే. జిపారా ఆ మాట నా దగ్గర దాచకుండా చెప్పింది, చిన్న గొంతుతో చెప్పింది, అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రాత్రి నుంచీ నా పాట నేనే కట్టుకుందామని కూర్చున్నాను. ఎలాగూ ఇంకెవరికీ సరిగ్గా రాదు. "కోచ్కోర్ లోయకి గొంతునిచ్చినదానా" అని మొదలుపెట్టాను, బాగానే ఉంది, కాస్త గొప్పలు పోయినట్టుంది కానీ పోయినవాళ్లకి గొప్పలు చెల్లుతాయి. రెండో పాదంలో మా ఆయన గుర్రాలు వచ్చాయి. మూడో పాదంలో బ్యాడ్జర్ కొవ్వు అడ్డొచ్చింది. ఎంత తోసినా పోదు, దానికి ప్రాస కుదరదు, తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే దగ్గొస్తుంది. చావుకి సిద్ధమవుదామంటే ఈ కొవ్వు కానివ్వడం లేదు. ఇదంతా మా అత్తకి చెప్తే, ఆవిడ ఎనభై దాటిన మనిషి, పళ్లు లేని నోటితో కోపంగా చూసింది. "నువ్వు ముందెలా పోతావే? నా మీద ఎవరు పాడతారు? ఆ డబ్బా గొంతుదా? అది పాడితే నేను పీనుగునైనా లేచి బయటికి పోతాను. నీ గొంతు తిరిగొచ్చేదాకా నేను చావను, నువ్వూ చావడానికి వీల్లేదు." నవ్వుకున్నాం ఇద్దరం. తర్వాత ఆవిడ గొర్రెలని చూసొస్తానని బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు, నాకు భయమేసింది.

టీవీ మీద ఏదో కదులుతోంది, తల తిప్పలేను, కంటి చివరతో చూస్తున్నాను, బూడిదరంగు ముసురు, అచ్చంగా మా కనుమ మీది మంచే. ముసురులో నల్లటి గుండ్రటి మచ్చ, దాని పక్కన ఇంకోటి. జిపారా ఏదో నొక్కింది, మచ్చల పక్కన ఎరుపూ నీలం మెరిశాయి, "ఇది రక్తనాళం, దీన్ని తప్పించాలి" అంటోంది నర్సుతో. చూశావా, గోడ అవతల ఏముందో తెలుస్తోంది, ఏది గడ్డో ఏది నెత్తురు పారేదో తెలుస్తోంది, కత్తి లేదు, కోత లేదు. నేనూ జీవితమంతా గోడకి ఎదురుగా కూర్చుని పాడాను, నా వీపు వెనక ఎవరు వచ్చారో అడుగుల చప్పుడుని బట్టి చెప్పేదాన్ని, ఈ మెషీన్‌కీ నాకూ ఏదో చుట్టరికం ఉంది. "సూది దించుతున్నా. కదలకండి అక్కా." లోపల చిన్న పొడుపు, నొప్పి కాదు, ఎవరో లోపలినుంచి తలుపు తట్టినట్టు. గదిలో మూలన మైక్రోస్కోపు ముందు ముసలి డాక్టర్ సాగిన్ ఉన్నాడు, కణాలు చూడటం ఆయన పని, పొద్దున నన్ను చూసి పలకరించనైనా లేదు, మొహం ముడుచుకుని అద్దాలు తుడుచుకుంటున్నాడు. సూదిలో వచ్చింది గాజు పలక మీద రాసి ఆయనకి ఇచ్చారు. "ఇదంతా రక్తమేనమ్మా" అని విసుక్కున్నాడు, "నాకు గడ్డ కావాలి, రక్తం ఏం చేసుకోను?" మళ్లీ సూది. మళ్లీ పలక. ఆయన మాట్లాడటం లేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఇదే ఆ మౌనం, నాకు తెలుసు, గుడారంలోకి కబురు తెచ్చినవాడు చెప్పులు విప్పుతూ మాట్లాడకుండా ఉండే మౌనం, దాని తర్వాత నేను గొంతెత్తేదాన్ని. ఓ దేవుడా, వద్దు. నాకు చావాలని లేదు. పాట పూర్తి కాలేదు, పూర్తి కాకూడదు, అత్త బయట ఉంది, కనుమ మీద ఆయన ఉన్నాడు, నాకు చావాలని లేదు.

అప్పుడు ఆ మూలనుంచి కూనిరాగం. సాగిన్ ముసలాయనే. ముక్కుతో, శ్రుతి లేకుండా, ఏదో పాత నాట్యం పాట. మత్తులో కలేమో అనుకున్నాను, కాదు, ఆయనే, రెండో పాదంలో స్వరం పక్కదారి పట్టింది, కలలో అయితే నేను అంత తప్పు పాడనివ్వను. నా ఒళ్లంతా చెవులైంది. క్యాన్సర్ చూస్తున్నవాడు ఇలా రాగం తియ్యడు. ఎంత మొరటువాడైనా తియ్యడు. చావింట్లో నలభై ఏళ్లు పాడినదాన్ని, నాకు తెలియదా? "జిపారా, ఇటు రా" అన్నాడు రాగం ఆపి, "చూడు ఎంత ముచ్చటగా ఉన్నాయో." ఆవిడ వెళ్లింది, చూసింది, వచ్చి నా చెవి దగ్గర వంగింది. మాస్కు వెనక నవ్వుతోందని గొంతే చెప్పింది. "క్యాన్సర్ కణం ఒక్కటీ లేదక్కా. గుంపులు కట్టిన కణాలున్నాయి, మధ్యలో కుళ్లు లేదు. క్షయకి కుళ్లు ఉండాలి. క్రిమి ఉందేమో మెషీన్‌లో కూడా వేస్తున్నాం, మీ గొంతు మేలుకునేలోపు చెప్పేస్తాను." నోట్లో కడియం ఉంది, మాట రాదు, ఏడుద్దామంటే గొంతు లేదు. కళ్లు మాత్రం నావే కదా, అవి కారాయి, చెవుల్లోకి కారాయి, నర్సు తుడిచింది.

ఇప్పుడు బల్ల మీద కూర్చున్నాను, ఎదురుగా పొడుగాటి వసారా, మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి కాళ్ల మీద పడుతోంది. గొంతు తెలిసేదాకా నీళ్లు కూడా తాగకూడదట, ఊపిరితిత్తుల్లోకి పోతాయట. అత్త నా పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని, నిమిషానికోసారి నా మెడ నొక్కి చూస్తోంది, గొర్రెని కొనేటప్పుడు చూసినట్టు. "తెలుస్తోందా?" తల అడ్డంగా ఊపాను. బల్లకి ఆ చివర కారా-బాల్టా ఊరినుంచి వచ్చినామె కూర్చుంది, పచ్చ తలగుడ్డ, వాళ్లాయన్ని చూపించడానికి తెచ్చింది. పొద్దున నేను దగ్గినప్పుడు ఆమె తలగుడ్డ చెంగుతో ముక్కు మూసుకుని ఆ చివరకి జరిగింది. ఇంకా అక్కడే ఉంది. తప్పు పట్టను, నేనైనా జరుగుతాను. మెషీన్ ఏం చెప్తుందో. క్యాన్సర్ కాదు, అది చాలదా అని మనసుకి చెప్తున్నాను, చాలదంటోంది, ఆశపోతు మనసు, ఆ గిన్నె కూడా కావాలంటోంది. క్షయ అని తేలితే మళ్లీ ఆ మాత్రలు, ఆ కొవ్వు, ఆ చుక్క, పెళ్లిళ్లలో ఆ అమ్మయ్య. లాలాజలం మింగి చూశాను. చివర ఏదో గోకినట్టు తెలిసింది. గొంతు మేలుకుంటోంది.

జిపారా వస్తోంది. మాస్కు లేదు. వసారా ఆ చివరనుంచే చెయ్యి ఊపింది, పెద్ద డాక్టరు అలా ఊపకూడదు కాబోలు, నర్సు వింతగా చూసింది. "క్రిమి లేదు అక్కా! మీకు క్షయ లేదు, మొదటినుంచీ లేదు. ఇది సార్కాయిడ్." అత్త చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. "ఏం కాయడం?" "సార్కాయిడ్ అమ్మా. ఒంట్లో కాపలా కణాలుంటాయి కదా, శత్రువు ఎవరూ లేకుండానే అవి గుంపుగా చేరి కూర్చుంటాయి. ఎవరికీ అంటదు. మందు ఉంది, కొన్నాళ్లు వాడాలి, దగ్గు తగ్గుతుంది, పాట వస్తుంది." అత్త అందుకుంది. "పనీపాటా లేకుండా గుంపు కట్టి కూర్చోవడమా? అయితే మా ఊరు వెళ్లి దీని రొమ్ములో కూర్చుందన్నమాట." జిపారా పకపకా నవ్వింది. ఒక చెంచా నీళ్లు తెచ్చి నాతో మింగించింది. మింగాను. నీళ్లు ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్లాయి.

అత్త సంచి విప్పింది. ఎర్ర చుక్క గిన్నె తీసింది, సీసా వంచి కుమిస్ పోసింది, నురగ అంచుదాకా వచ్చింది. నాకిస్తుందనుకుని చేతులు చాచాను. ఇవ్వలేదు. ఆవిడే నోటికి ఎత్తుకుంది, సరిగ్గా ఆ చుక్క ఉన్నచోటే పెదవులు ఆనించి, గుటకలు గుటకలుగా తాగి, మూతి తుడుచుకుంది. పెద్దవాళ్లు ముందు తాగాలి, మా పద్ధతి అది. "పట్టు" అంది, "ఏడాదినుంచి ఒక్కదానివే తాగుతున్నావు, నాకేం రుచి తెలుస్తుంది?" తాగాను. సగం నాలుకకే పులుపు తెలిసింది, ఆ సగం చాలు. గిన్నె రెండు చేతులతో జిపారాకి చాచాను. ఆవిడ ఒకసారి నా మొహంలోకి చూసింది, ఒకసారి బల్ల చివర ఆమె వైపు చూసింది. డ్యూటీ ఉంది, కొంచెమే అంటూనే తీసుకుని, అందరూ చూస్తుండగా, నిలబడి, నా తర్వాత నా గిన్నెలో తాగింది. పై పెదవికి తెల్లటి మీసం వచ్చింది. "ఇక ఊళ్లో ఏ కాగితమూ చూపించక్కర్లేదు" అంది అత్త తృప్తిగా, "డాక్టరమ్మ నీ తర్వాత తాగింది, అది చెప్తాను, కనుమ దాటేలోపు లోయంతా తెలుస్తుంది. ఇంక నా పాట కట్టడం మొదలుపెట్టు, నేను కాస్త విని పోతాను." "అప్పుడే ఏం తొందరత్తా" అన్నాను. మాట వచ్చింది. బొంగురుగా, గరగరగా, కానీ నా గొంతే. ఆగలేకపోయాను. పెళ్లికూతురిని సాగనంపే పాట, ఆ రోజు నన్ను పాడనివ్వని పాట, మొదటి పాదం ఎత్తుకున్నాను, ఆసుపత్రి వసారా చివరిదాకా వెళ్లి గోడకి తగిలి తిరిగొచ్చింది. ఇది ఆసుపత్రండీ, పెళ్లివారిల్లు కాదు అని నర్సు అరిచింది. రెండో పాదంలో ఊపిరి చాల్లేదు, దగ్గు తన్నుకొచ్చింది, వంగిపోయి దగ్గాను, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాను. తలెత్తి చూస్తే అత్త జరగలేదు. జిపారా జరగలేదు. బల్ల చివరనుంచి పచ్చ తలగుడ్డామె నా పక్కకి జరిగొచ్చి, గిన్నె కోసం చెయ్యి చాచింది.